తంతి వార్తల పేజీ

ఎదురుగా ఉన్న అద్దాల బీరువాలో ఆ అమ్మాయి చేతులు కనబడేటట్టు సీతాలక్ష్మి తన కుర్చీని కొంచెం పక్కకు జరుపుకుంది. చూస్తున్నట్టు తెలియకుండా చూడటంలో ఆమెకు సాటి వచ్చే మనిషి ప్రొద్దుటూరు మొత్తంలో లేదు. బట్టల వ్యాపారులు ఎప్పుడో పుణ్యానికి కట్టించిన ఆ పఠనమందిరంలో లైబ్రేరియన్‌గా కూర్చుని తల నెరిపించుకున్న మనిషి. పేజీ తిప్పే చప్పుడును బట్టి చదివేవాడెవడో, బొమ్మలు చూసేవాడెవడో, ఫ్యాను కింద కునుకు తీయడానికి వచ్చినవాడెవడో తలెత్తకుండానే చెప్పేస్తుంది. ఈ అమ్మాయి విషయంలో మాత్రం చెవుల మీద నమ్మకం చాలక కళ్లను కూడా పనిలో పెట్టింది.

అమ్మాయి పేరు సాజియా. పొద్దున బస్సుకు పులివెందుల నుంచి వస్తుంది, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతుంది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. లోపలి గదిలో దుమ్ము కొట్టుకుపోయిన పాత దినపత్రికల బైండ్లు అడిగి తీయించుకుంటుంది. ఒకప్పుడు మద్రాసులో అచ్చయి రైల్లో ఈ ఊరికి వచ్చిన తెలుగు పేపర్లవి. వాటి కోసం మనిషన్నవాడు వచ్చి ఎన్నేళ్లయిందో సీతాలక్ష్మికే గుర్తులేదు. ఎవరూ అడగనిదాన్ని ఒకరు పనిగట్టుకుని అడిగారంటే అందులో ఏదో మతలబు ఉండి తీరాలి. ఆమె లెక్క అది.

వచ్చిన మొదటిరోజే అడిగింది, "ఏముందమ్మా వాటిల్లో?"

"డాంజిగ్ అని ఒక ఊరుండాది మేడం," అంది సాజియా. "మాదంటే మాదని జర్మనీ, పోలండు కొట్లాడుకుంటాంటే, మొదటి యుద్ధం అయినాక ఎవురికీ ఇయ్యకుండా దాన్ని స్వేచ్ఛానగరం చేసినారు. నానాజాతి సమితి, అదే లీగ్ ఆఫ్ నేషన్స్, తన తరఫున ఒక కమిషనర్ని ఆడ కూర్చోబెట్టింది. ఆ సంగతులు మన తెలుగు పేపర్లు ఎట్ల రాసినాయో చూస్తాండా."

"కమిషనరంటే పోలీసులు ఉంటారా ఆయప్పకు?"

"పోలీసులు లేరు, ఏమీ లేరు. చూడల్ల, రాసి పంపల్ల, అంతే."

"అదేం ఉద్యోగం?"

"ఇద్దరూ అనుమానపడే ఉద్యోగం మేడం," అని ఆ అమ్మాయి నవ్వింది.

సీతాలక్ష్మి నవ్వలేదు. పులివెందుల పిల్లకు పోలండు పక్కనున్న ఊరితో ఏం పని అన్న ప్రశ్న ఆమెకు ఆ రోజే పట్టుకుంది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా! ఒకసారి ఇంట్లోకి వస్తే అది వాకిలి వైపు చూడదు.

మరుసటి రోజు నుంచి, "బ్యాగు బయట పెట్టమ్మా," అనడం మొదలుపెట్టింది. హాల్లో పోటీ పరీక్షల పిల్లలు మూటల్లాంటి బ్యాగులు వేసుకుని కూర్చుంటారు. వాళ్లను ఏనాడూ ఆ మాట అనలేదు. ఊడ్చి, కుండలో నీళ్లు పట్టే సుధారాణి ఊరుకోక అడిగేసింది, "ఆ పాప ఒక్కదానికేనా మేడం రూలు?"

"వాళ్లు సొంత పుస్తకాలు చదువుకుంటాండారు. ఈ పాప మన పుస్తకాలు చదువుతాంది," అంది సీతాలక్ష్మి. చెప్పాక ఆ కారణం తనకే ఎంతో సబబుగా తోచింది. సుధారాణి మళ్లీ చీపురు అందుకుంది.

ఆ మధ్యాహ్నం అద్దంలో చేతులు ఆగిపోయాయి. సాజియా లేచి వచ్చింది.

"మేడం, ఈడ కోసేసినారు."

పంతొమ్మిది వందల ముప్పై ఆరు, జూలై బైండు. లోపలి పేజీలో చివరి కాలమ్ మొత్తం లేదు. గీత గీసి బ్లేడు పెట్టి కోసినట్టు, పైనుంచి కిందిదాకా సందు. ఆ సందులోంచి వెనక పేజీలో పత్తి ధరలు కనిపిస్తున్నాయి. సీతాలక్ష్మి సందు వైపు కంటే సాజియా మొహం వైపే ఎక్కువసేపు చూసింది.

"ఎప్పుడు చూసినావు?"

"ఇప్పుడే. ఇదొక్కటే కాదు మేడం, ఎనక్కి తిప్పితే శానా ఉండాయి. అన్నీ తంతి వార్తల కాలమ్‌లే, టెలిగ్రాములో వచ్చే విదేశీ వార్తలు. నాకు కావాల్సింది అదే." ఆ అమ్మాయి గొంతులో ఏడుపు లాంటిది ఉంది. "ఆ నెలలో డాంజిగ్ సెనేట్ పెద్దమనిషి జెనీవాలో సమితి సభకు పోయి, కమిషనర్ మీద నోటికొచ్చినట్టు మాట్లాడి, పోతా పోతా విలేకరుల పక్క తిరిగి ముక్కు మీద బొటనేలు పెట్టి ఎక్కిరిచ్చినాడు. ప్రపంచమంతా రాసింది. మన పేపరు ఏమని రాసిందో ఇంతవరకు ఎవురూ చూడలేదు."

సీతాలక్ష్మి మనసు ఇవేవీ వినడం లేదు. పోయినవన్నీ ఈ పిల్లకు కావలసినవే. ఈ పిల్లకు తప్ప ఇంకెవరికీ అక్కరలేనివి. దొంగే దొంగా దొంగా అని అరవడం లోకంలో కొత్త కాదు.

"బ్యాగు తియ్యి," అంది.

సాజియాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక బయట బల్ల మీద ఉన్న బ్యాగు తెచ్చి, తనే జిప్పు లాగి, ఒక్కొక్కటే తీసి పెట్టింది. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, మడిచిన దుపట్టా, పెన్సిళ్లు. అడుగున కాగితంలో చుట్టిన సగం బ్లేడు.

"ఇదేంది?"

"పెన్ను తేవద్దంటిరి కదా మేడం, పేపర్లకు సిరా అంటుతాదని. పెన్సిలు చెక్కుకోవల్ల కదా."

పరీక్షల పిల్లలందరూ తలలెత్తి చూస్తున్నారు. సీతాలక్ష్మి బ్లేడును తన సొరుగులో వేసి తాళం తిప్పింది. సాజియా సామాన్లు బ్యాగులోకి సర్దుకునేటప్పుడు టిఫిన్ డబ్బా మూత ఊడి, అన్నం మెతుకులు బల్ల మీద పడ్డాయి. ఒక్కొక్కటే ఏరుకుంది. సుధారాణి గుడ్డ తీసుకుని వస్తే, "వద్దక్కా," అంది.

ఆ సాయంత్రమే సీతాలక్ష్మి జమ్మలమడుగుకు ఫోన్ చేసింది. పఠనమందిరం కమిటీ అధ్యక్షుడు వేదవ్యాస ఉండేది అక్కడే. రిటైరైన హెడ్మాస్టరు. రెండు పక్షాలు ఉన్నచోట మూడో కుర్చీ వేయించుకుని కూర్చోవడమంటే ఆయనకు ప్రాణం. ఏటా సీతాలక్ష్మి ఉద్యోగాన్ని పొడిగించేది కూడా ఆయన సంతకమే.

"తొందరపడొద్దమ్మా," అన్నాడాయన. "నేను వస్తా, ఇచారిస్తా. తప్పు తేలిందంటే ఆ పాప యూనివర్సిటీకి చెప్పల్ల. చెప్తే దాని చదువు ఆడికి సరి. మళ్లీ ఏ లైబ్రరీ గడపా తొక్కనియ్యరు. అందుకని రుజువు కావల్ల."

రుజువు కోసమే సీతాలక్ష్మి మరునాడు పొద్దున్నే ఆ బైండును తువ్వాలలో చుట్టుకుని, మసీదు వెనక సందులో ఉన్న జిలానీ కొట్టుకు వెళ్లింది. ఊళ్లో మిగిలిన బైండింగు కొట్టు అదొక్కటే. పఠనమందిరం పుస్తకాలన్నిటికీ కొన్నేళ్ల కిందట బైండు వేసింది కూడా అతనే.

జిలానీ నేల మీద కూర్చుని, మదరసా నుంచి వచ్చిన పాత ఉర్దూ పుస్తకాన్ని బాగుచేస్తున్నాడు. పక్కన గిన్నెలో మైదా జిగురు, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి ఉంది కాబట్టి నీలంగా ఉంది. చినిగిన మడత మీద సన్నటి కాగితం పట్టీని పరిచి, నున్నటి ఎముక ముక్కతో పైనుంచి కిందికి రుద్దుతున్నాడు. ఆ పట్టీ కూడా పసుపుబారిన పాత కాగితమే.

"కొత్త కాగితం ఎయ్యకూడదా దానికి?" కూర్చోవడానికి చోటు చూసుకుంటూ ఏదో ఒకటి అనాలని అంది సీతాలక్ష్మి.

"పాతదానికి పాతదే పట్టల్లమ్మా. కొత్త కాగితం బిగుసుకొని పాతదాన్ని చీలుస్తాది. ఈడూ జోడూ కుదరల్ల," అన్నాడు జిలానీ తలెత్తకుండా.

ఆమె తువ్వాల విప్పి పేజీ చూపించింది. జిలానీ చెయ్యి ఆగింది. కళ్లద్దాలు పైకి నెట్టుకుని వంగి చూశాడు. చూడవలసిన దానికంటే ఎక్కువసేపే చూశాడు.

"ఎవురు చెప్పినారు మీకు?" అన్నాడు.

"చెప్పేదేంది? ఒక పాప చదవను వస్తాంది. అది వచ్చినాకనే కనపడినాయి ఇవి. ఈ కోత కొత్తదా పాతదా చెప్పప్పా."

జిలానీ కోత అంచును బొటనవేలితో తడిమాడు. ఆ అంచు పేజీ మిగతా అంచుల్లాగే పసుపుబారి ఉంది. సీతాలక్ష్మి ఆ రంగును చూడలేదు, అతని నోటినే చూస్తోంది.

"బ్లేడు కోత," అన్నాడు చివరికి. "ఈ కాలం పిల్లోల్ల పని. ఇంగేముంటాది!"

"ఆ మాట వేదవ్యాస సార్ ముందర చెప్తావా?"

"నన్నెందుకు లాగుతారమ్మా దీంట్లేకి? నాకు పనుండాది." అతను జిగురు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. పట్టీ మీద రుద్దిన చోటే మళ్లీ రుద్దుతున్నాడు.

ఆమె సంతోషంగా కొట్టు దిగింది. రుజువు దొరికింది. సందు మలుపు దాటి మెయిన్ రోడ్డు ఎక్కేసరికి ఆ సంతోషంలో ఎక్కడో రాయి తగిలింది. ఎవరు చెప్పారని అడిగాడెందుకు? ఏమైంది అని కదా అడగాలి! ఇంతకాలం పనిచేయించుకున్న అనుమానం ఇప్పుడు ఆమె మాట వినకుండా తన దారిన తాను పోతోంది.

సాజియా ఆ రోజు రాలేదు. ఆ మరుసటి రోజు విచారణ. హాలు తలుపులు ఇంకా తీయకముందే సీతాలక్ష్మి లోపలి గదిలో కూర్చుని బైండును మొదటి నుంచి తిప్పడం మొదలుపెట్టింది. చూపుడువేలు మడతల వెంట పైనుంచి కిందికి పోతోంది. ఎక్కువమంది చదివిన పేజీలు, అంటే ఊళ్ల వార్తలు, ధరవరలు, సినిమా కబుర్లు, వేళ్లు తగిలి తగిలి మడత దగ్గర చినిగిపోయాయి. వాటన్నిటికీ జిలానీ లోపలి వైపు పట్టీలు వేశాడు. పట్టీల మీద పళ్లపొడి ప్రకటనలు, చలిజ్వరం మందుల ప్రకటనలు సగం సగంగా కనిపిస్తున్నాయి. పాత కాగితానికి పాత కాగితం.

ఒక పట్టీ దగ్గర వేలు ఆగింది. దాన్ని పొరపాటున తిరగేసి అతికించాడేమో, పైకి ప్రకటన లేదు. వార్త ఉంది. "...జిగ్ నగరమున... నానాజాతి సమితి హైకమిష..." అన్నంతవరకు చదివి ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

కోసిన కాలమ్‌లు ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉన్నాయి. జిలానీ ఎందుకు ఆ కాలమ్‌నే కోశాడో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. విదేశాల తంతి వార్తల పేజీ తిప్పినవాడే లేడు. ఈ ఊరి వేళ్లు తగలక ఆ కాగితం ఒక్కటే గట్టిగా మిగిలింది. గట్టి కాగితం కోసం వెతికే మనిషికి అదే దొరికింది. చదివిన వార్తలు చినిగిపోతే, చదవని వార్తలు పట్టీలై వాటిని నిలబెట్టాయి.

అన్నం మెతుకులు ఏరుకుంటున్న సాజియా వేళ్లు ఆమెకు గుర్తొచ్చాయి. దాంతోపాటు ఇంకో సంగతీ గుర్తొచ్చింది. జిలానీ ఈ పని చేసింది తను ఈ కుర్చీలో ఉండగానే. ఈ పట్టీలు చూపిస్తే ఆ పిల్ల బయటపడుతుంది, తన కుర్చీ కదులుతుంది. బైండు మూసి బీరువాలో పెట్టేస్తే ఎవరికీ తెలియదు. కాసేపు అట్ట మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది.

వేదవ్యాస కారు దిగేసరికి సాజియా కూడా వచ్చి గడప దగ్గర నిలబడి ఉంది. ఆయన హాలు మధ్యలో బల్ల వేయించి, ఒకవైపు సీతాలక్ష్మిని, ఎదురుగా సాజియాను కూర్చోబెట్టి, తను మధ్యలో కూర్చున్నాడు. భుజం మీద కండువాను సర్దుకుని, "నాకు ఎవురూ ఎక్కువ కాదు, ఎవురూ తక్కువ కాదు," అని మొదలుపెట్టాడు. "మీరు చెప్పండమ్మా."

సీతాలక్ష్మి బైండు తెరిచింది. తిరగబడిన పట్టీని చూపించింది.

"ఈ పాప కోయలేదు సార్. నేను తప్పు చెప్పినా. మన బైండ్లు బాగుచేసేటప్పుడు ఈ కాలమ్‌లు కోసి పట్టీలుగా అతికించినారు. పాత పని. ఇదో, ఈడ చూడండి."

వేదవ్యాస వంగి చూశాడు. కళ్లద్దాల పైనుంచి ఒకసారి, కింది నుంచి ఒకసారి చూశాడు. సాజియా కుర్చీలోంచి లేచి, బల్ల మీదికి వంగి ఆ సగం అక్షరాలను చూస్తోంది.

"అంటే కోసింది మన మనుషులే," అన్నాడాయన నెమ్మదిగా. "అదే కదమ్మా ఈ పాప కూడా చెప్పింది."

"ఏం చెప్పింది సార్?"

"మీరు ఫోన్ చేసిన రోజే, మీకంటే ముందర, ఈ పాప నాకు ఫోన్ చేసింది. పాత పేపర్లు కొనేటోళ్లు హైదరాబాదులో ఉండారంట, మీరు పేజీలు కోసి వాళ్లకు అమ్ముకుంటాండారంట. దొరికిపోతానని బ్యాగులు ఎతికే నాటకం ఆడతాండారంట."

సీతాలక్ష్మి సాజియా వైపు చూసింది. సాజియా చూపు పట్టీ మీద నుంచి కదల్లేదు.

"నువ్వు నన్ను దొంగ అంటివా?"

"మీరు నన్ను అనలేదా?" అంది సాజియా.

కంచే చేను మేస్తోందని ఈ పిల్ల అనుకుందన్నమాట. ఇన్నేళ్ల కాపలాకు ఇదా బహుమానం అని సీతాలక్ష్మికి దుఃఖం ముంచుకొచ్చింది. అద్దంలో తను ఆ చేతుల్ని చూస్తున్నంతసేపూ, ఆ చేతుల మనిషి కూడా తనను చూస్తూనే ఉంది.

వేదవ్యాస ఇద్దరినీ కళ్లారా చూసుకుని తీర్పు చెప్పాడు. ఎవరి తప్పూ లేదు, అందువల్ల ఎవరి మీదా చర్య లేదు, యూనివర్సిటీకి మాట పోదు. అయితే పేపర్లు ప్రమాదంలో ఉన్న సంగతి మాత్రం తేలింది. కమిటీ సమావేశమయ్యేదాకా యథాతథ స్థితి. బీరువాకు తాళం, తాళంచెవి ఆయన దగ్గర.

"కమిటీ ఎప్పుడు కూర్చుంటాది సార్?" అని సాజియా అడిగింది.

"కూర్చుంటాదిలేమ్మా. అందరికీ వీలు కావల్ల కదా."

ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో సీతాలక్ష్మికి తెలుసు. అప్పుడు వచ్చినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. ఆయన లోపలి గదిలోకి వెళ్లి, బీరువా తలుపులు దగ్గరికి నొక్కి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకుని, తాళంచెవిని జేబులో వేసుకున్నాడు. న్యాయం చేసిన మనిషి మొహంలో ఉండే తేజస్సుతో కారెక్కాడు.

జూలై బైండు మాత్రం హాల్లో బల్ల మీదే ఉండిపోయింది. ఆయన తాళం తిప్పుతున్నప్పుడే సీతాలక్ష్మి దాన్ని చూసింది. సాజియా కూడా చూసింది. ఇద్దరూ నోరు విప్పలేదు.

కారు చప్పుడు సందు దాటాక సాజియా బ్యాగు భుజాన వేసుకుంది.

"ఉండు," అంది సీతాలక్ష్మి. "పట్టీలకు రెండో పక్క ఉండాది కదా, జిగురు పక్క. నీకు కావాల్సిన వార్త దాని మీద ఉంటాది. తడిపితే లేస్తాది."

"తడిపితే ఆ పేజీ చినిగిపోతాది మేడం."

"పోతాది."

సాజియా ఆమెను నిలువునా చూసింది. ఆ చూపులో సంతోషం లేదు. తర్వాత ఫోన్ తీసి, వీడియో పెట్టి, బల్లకు రెండడుగుల దూరంలో నిలబడింది.

"మీరే తడపండి. నేను ముట్టుకోను. రేపు చినిగిందంటే నా పేరే చెప్తారు." కాస్త ఆగి, "మీ పేరు చెప్పండి మేడం. మీరే తడుపుతాండారని చెప్పండి," అంది.

ఎవరైనా ఈ హాల్లో తనతో అలా మాట్లాడితే సీతాలక్ష్మి ఊరుకునే మనిషి కాదు.

"నా పేరు సీతాలక్ష్మి," అంది ఫోన్ వైపు చూసి. "ఈ పేజీ నేనే తడుపుతాండా. ఈ పాప ముట్టుకోలేదు."

సుధారాణి గిన్నెలో నీళ్లు, మెత్తటి గుడ్డ తెచ్చి పెట్టింది. జూలై నెలలో, కోసిన పేజీకి దగ్గర్లో పట్టీ ఉన్న పేజీని సీతాలక్ష్మి వెతికి పట్టుకుంది. అది ఊరి వార్తల పేజీ. పెన్నకు నీళ్లొచ్చిన సంగతి, పత్తి మార్కెట్టు సంగతి. సిరా చుక్క పడినా ఒప్పుకోని మనిషి, తడిగుడ్డను ఆ మడత మీద తన చేత్తోనే పరిచింది. అరచేత్తో అదిమి పట్టుకుంది. మైదా నెమ్మదిగా మెత్తబడింది. గోటితో పట్టీ కొసను లేపి, కిందికి లాగింది. పట్టీ వస్తోంది. దాని వెంట పెన్న నీళ్ల వార్త రెండు ముక్కలై చీలిపోయింది.

పట్టీని తిరగేసి పొడిగుడ్డ మీద పరిచింది. జిలానీ ఆ కాలమ్‌ను నిలువునా సగానికి కోసినట్టున్నాడు. ప్రతి వాక్యమూ నడుమ తెగిపోయింది. ఆమె పైకి చదివింది.

"డాంజిగ్ సెనేట్ అధ్య... జెనీవాలో సభ ముగించి పో... విలేఖరులు నవ్వగా నాత... బొటనవ్రేలు ముక్కున నా..."

ఆగింది. మిగతా సగం ఇంకే నెల మడతలో, ఏ పేజీని పట్టుకుని ఉందో తెలియదు. ఇంత దూరం వచ్చి, ఇన్ని మాటలు పడి ఆ పిల్ల కోరుకున్న వార్త ఇదిగో, ఈ ఊళ్లో ఇన్నేళ్లకు మొదటిసారి ఎవరో చదివారు. ఆ పిల్ల మొహంలో వెలుగు చూడాలని సీతాలక్ష్మి తలెత్తింది.

సాజియా కళ్లు అక్షరాల మీద లేవు. సీతాలక్ష్మి చేతుల మీదే ఉన్నాయి.